భూమికి మనమెవరో తెలియదు

నంద్యాలలో మా ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలోకి నిన్న పొద్దున బోరు బండి వచ్చింది. పదిగంటలకల్లా తడిసిన రాతిపొడి వాసన వంటింట్లోకి వచ్చేసింది. పచ్చిగా, చల్లగా, ఎన్నాళ్లుగానో మూసి ఉంచిన గది తలుపు తీసినట్టుండే వాసన. పొయ్యి ఆర్పేసి, కిటికీ మూసి, మంచం మీద కూర్చున్నాను. ఆ వాసన నాకు మొదటిసారి తగిలింది పదమూడో ఏట, మా నాయన తవ్విస్తున్న బావి గట్టు మీద. అది తగిలిన ప్రతిసారీ నాయన కంటే ముందు వకుళమ్మ టీచర్ గుర్తుకు రావడం నాకే వింతగా ఉంటుంది.

మాది ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారిలో ఒక పల్లె. డెబ్బైల నడుమ వరుసగా వానలు తప్పితే, నాయన ఇద్దరు కూలీలను పెట్టుకుని, తానూ గడ్డపార పట్టి చేన్లో బావి తవ్వడం మొదలుపెట్టాడు. ఒకరోజు అమ్మకు జ్వరం వచ్చి సద్ది నేనే మోసుకుపోయాను. ఆరోజు నేను ముట్టులో ఉన్నాను. చెబితే ముగ్గురూ పస్తుంటారని నోరు విప్పలేదు. గట్టు మీద నిలబడి తొంగిచూస్తే, "ఎనక్కి జరుగు పాపా, కాలు జారుతాది" అన్నాడు నాయన లోపలి నుంచి. మర్నాడు మధ్యాహ్నం బావి తూర్పు గోడ జారి ఆయన మీద పడింది. కూలీలిద్దరూ అన్నం తినడానికి అప్పుడే పైకి వచ్చారట. దినాలు అయిపోయాక, దాచుకోలేక, ముట్టులో బావి దగ్గరికి పోయిన సంగతి నేనే అమ్మతో చెప్పాను. అమ్మ కొట్టలేదు. "ముట్టుదానివి గంగమ్మ దగ్గరికి పోతావా? మీ నాయన్ను నువ్వే మింగినావు" అంది. ఆ తర్వాత ఆమె నా చేత్తో ఇచ్చిన నీళ్లు తాగలేదు.

వకుళమ్మ టీచర్ ఆళ్లగడ్డలో మా బడికి కొత్తగా వచ్చారు. అహోబిలంలో గుడి కైంకర్యం చేసుకునే ఇంట్లో పుట్టి, పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే, పట్టుబట్టి చదువుకుని సోషల్ టీచరయిన మనిషి. ఎప్పుడూ తెల్లటి నేతచీర. నవ్వడం తక్కువ. పరీక్షలో ఆమె భూకంపాలు ఎందుకు వస్తాయని అడిగితే, 'ముట్టువాళ్లు తొక్కితే భూదేవికి కోపం వచ్చి' అని రాశాను. సాయంత్రం ఆ కాగితం పట్టుకుని నన్ను పిలిచారు. "ఏందిది పద్మా? ఎవరు చెప్పినారు నీకు?" అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె ఓదార్చలేదు, తల నిమరలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు.

మర్నాడు కిరసనాయిలు స్టవ్వు, గిన్నెడు పాలు తరగతికి తెచ్చారు. భూపటలం, భూప్రావారం, కేంద్రమండలం అని మా పుస్తకంలో మూడు పేర్లు ఉండేవి, అంతే. ఆ పటలం ముక్కలు ముక్కలుగా ఉందనీ, ఆ ముక్కలు కదులుతాయనీ పుస్తకంలో లేదు. నంద్యాల కాలేజీ లైబ్రరీలో ఏదో పత్రికలో చదివానని చెప్పారు. పాలు కాగుతుంటే మీగడ పగిలి, రెండు ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుని ముడతపడింది. "ఆ ముడతే హిమాలయం. కింద వేడి ఉండాది, పైన పలకలు కదుల్తాండాయి. మనం కూర్చున్న పలక కూడా ఉత్తరానికి పోతానే ఉండాది, గోరు పెరిగినంత మెల్లగా. దీంట్లో కోపం యాడుంది?" అన్నారు. నేను లేచి, "అయితే భూమికి మనమెవరో తెలీదా టీచర్?" అని అడిగాను. "తెలీదమ్మా," అన్నారు ఆమె. "తెలీకపోవడమే మంచిది." తరగతిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడింది. నాయనను చంపినదానికి ఆయన పేరు కూడా తెలియదన్నమాట.

ఆ ఆదివారం ఆమె బస్సెక్కి మా ఊరొచ్చారు. నన్ను వెంటబెట్టుకుని చేనికి పోయి, కూలిన బావి ముందు చీర కుచ్చెళ్లు దోపుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. "పైన నల్లమట్టి. దాని కింద సుద్ద. ఆ కింద నాపరాయి. సుద్దలోకి నీళ్లు ఊరినాయి. తడిసిన సుద్ద నిలబడదు. నువ్వు రాకముందే, ఎన్నో దినాల నుంచి ఈ గోడ జారతాంది. నీ వల్ల కాదు. ఏదీ, నువ్వు చెప్పు" అన్నారు. "నా వల్ల కాదు" అన్నాను. మూడుసార్లు చెప్పించారు. తర్వాత ఇంటికొచ్చి అమ్మకూ అదే చెప్పబోయారు. అమ్మ గడప దగ్గరే ఆపేసింది. "నువ్వు చెప్పేది పుస్తకంలో ఉంటాది తల్లీ. నా మొగుడు పుస్తకంలో సచ్చిపోల్యా" అంది. టీచర్ బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడే ఉన్నారు. అమ్మ ఇంకో ఎనిమిదేళ్లు బతికింది. పోయేదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

వకుళమ్మ టీచర్‌కు తర్వాత సున్నిపెంటకు బదిలీ అయింది. ఉత్తరాలు రాసేవారు. ఆ ఉత్తరాల ఊపుతోనే నేనూ చదివి టీచరునయ్యాను. ఎనభైల చివర్లో ఆమె జబ్బుపడి నంద్యాలలో ఒక ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి పోయాను. మనిషి సగమయ్యారు. బత్తాయి ఒలిచి ఇస్తుంటే నా చేయి పట్టుకుని అన్నారు: "పద్మా, ఆ పొద్దు బావికాడ సుద్దా, నీళ్లూ అని చెప్తినే, అదంతా అప్పటికప్పుడు అల్లింది. వేల మైళ్ల లోతున ఏముందో పుస్తకం చూసి చెప్తాంటి. ఇరవై అడుగుల గుంత సంగతి నాకేం తెలుసు? ఆ గోడ ఎందుకు పడిందో నాకు తెలీదు."

"మరి నా వల్ల కాదన్నారే?"

"ఇంకేమనల్ల? నీ మొహం అట్లుండె."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లూ నేను నిలబడిన చోటును కాళ్ల కింద నుంచి లాగేసినట్టయింది. బత్తాయి తొనలు పళ్లెంలో పెట్టేసి, పోయొస్తానని కూడా అనకుండా వచ్చేశాను.  ఆ తర్వాత ఆదివారం మళ్లీ పోయేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ముసలామె పడుకుని ఉంది. వకుళమ్మ టీచర్ పోయి మూడు రోజులయిందని, అహోబిలం నుంచి అన్న కొడుకు వచ్చి తీసుకుపోయాడని నర్సు చెప్పింది.

ఆ గోడ ఎందుకు పడిందో అమ్మకూ తెలియదు, టీచర్‌కూ తెలియదు. తెలియని ఇద్దరిలో ఒకరు నేనే కారణమన్నారు, ఒకరు కాదన్నారు. ఎవరో ఒకరిని నమ్మి బతకవలసి వచ్చింది. నా వల్ల కాదన్న మనిషినే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కొన్ని రోజులు మాత్రం నమ్మడానికి చాలా కష్టపడాల్సి వస్తుంది.