ఎర్రదారిలో కుర్చీ

క్యాజ్ తాతకి కాలు ఒకచోట నిలవదు. అసలు పేరు కాజిమిర్ వోయ్‌చిక్. పిట్స్‌బర్గ్‌లో ఆ కొండవాలు వీధిలో అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. టీవీ ముందు కూర్చోబెడితే మోకాలు ఆడిస్తాడు. చర్చిలో ప్రసంగం సగానికి రాకముందే ఆయన జేబులో కారు తాళాలు గలగలమంటాయి. ఉద్యోగమంతా రొట్టెల వ్యాను నడపడమే. ఉద్యోగం మానినా ఒంటికి ఆ సంగతి తెలియలేదు. పాలు కావాలంటే నది దాటి వెళ్లి తెస్తాడు. సందు చివరి కొట్లో దొరకవా అని అడిగితే, "దొరుకుతాయి, కానీ అక్కడికి కారెందుకు?" అంటాడు.

ఏడాది నుంచీ ఆ తిరుగుడుకి ఒక దిక్కు ఏర్పడింది. పక్షవాతం వచ్చిన భార్య ఫ్లోసీ బామ్మని కొండమీది వృద్ధాశ్రమంలో చేర్చారు. మధ్యాహ్నం తిండి మొగుడు పెడితేనే తింటుంది. నర్సు చెంచా పట్టుకొస్తే పళ్లు బిగిస్తుంది. ఒకసారి టైరు పంక్చరై తాత వెళ్లలేకపోతే, గోడవైపు తిరిగి పడుకుని సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. అప్పటినుంచీ ఆ కారు చిన్న దగ్గు దగ్గినా తాత ఆపి బానెట్ ఎత్తి చూస్తాడు.

అలాంటి మనిషి గుమ్మం ముందే మునిసిపాలిటీవాళ్లు పార్కింగ్ ఎత్తేశారు. ఆకులు రాలే రోజుల్లో రోడ్డంచు పొడుగునా ఎర్రరంగు పూసి, ఇక ఇది బస్సుల దారి అన్నారు. అంతకుముందు చర్చి హాల్లో సభ పెట్టారు. ఒక కుర్ర అధికారి తెరమీద బొమ్మలు చూపిస్తూ, బస్సొక్కటి నిండితే ఎన్ని కార్లు ఇంట్లో ఉండిపోవచ్చో చెప్పుకొస్తున్నాడు. తాత లేచి నిలబడ్డాడు.

"బాబూ, నా పెళ్లానికి బస్సెడు జనం అక్కర్లేదు. నేనొక్కణ్ణి చాలు. నన్నెవరు తీసుకెళ్తారు?"

"బస్సే తీసుకెళ్తుందండీ. సరిగ్గా ఆశ్రమం ముందే ఆగుతుంది."

"అంటే ఇంకొకడు నడుపుతుంటే నేను కూర్చోవాలా?"

హాలంతా గొల్లుమంది. తాత నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగాడు.

ఆ చలికాలమంతా కారు పెట్టే చోటు కోసం సందులు చుట్టాడు. దొరికిన చోట పెట్టి, ఎవరైనా గీరారేమోనని కిటికీలోంచి మెడ సాచి చూశాడు. కనపడకపోతే కోటు తొడుక్కుని వెళ్లి చూసొచ్చాడు.

ఈస్టర్ ముందు ఉపవాసాల్లో ఒక గురువారం రాత్రి మంచు పడింది. ఎర్రరంగు, గీతలు అన్నీ మంచులో మునిగిపోయి వీధి పాత వీధిలా కనిపించింది. తాత చేతులకి కూడా పాత అలవాటు తిరిగొచ్చింది. కారు తెచ్చి గుమ్మం ముందే పెట్టాడు. పొద్దున్నే పారతో మంచు తవ్వి కారు బయటికి తీసి, ఆ ఖాళీలో పచ్చపట్టీల మడతకుర్చీ వేశాడు. తవ్వినవాడు తిరిగొచ్చేదాకా ఆ చోటు కుర్చీదే. ఇది ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆ వీధి జనం పోలీసునైనా తిడతారు గానీ పరాయివాడి కుర్చీ మీద చెయ్యి వెయ్యరు.

శుక్రవారాల్లో చర్చి ఆడవాళ్లు పిండిలో బంగాళాదుంప ముద్ద కూరి, వెన్నలో వేయించిన పీరోగీలు అమ్ముతారు. ఫ్లోసీకి అవంటే ప్రాణం. తాత వరసలో నిలబడి, కాళ్లు మార్చి మార్చి, పొట్లం అందుకుని వెనక్కి వచ్చేసరికి తన వీధి మొదట్లోనే కార్లు బారులు తీరి ఉన్నాయి. వేళ మించిపోతోంది. హారన్ మోగించాడు. ముందువాడు మోగించాడు. తాత ఇంకా గట్టిగా మోగించాడు. చివరికి కారు వదిలేసి, పొట్లం చంకన పెట్టుకుని తిట్టుకుంటూ ముందుకి నడిచాడు.

ఒక లారీ జారి, రోడ్డుకి అడ్డంగా తిరిగిపోయింది. మిగిలింది బస్సుల దారొక్కటే. అందులో బస్సు ఆగి ఉంది. బస్సు ముందు పచ్చపట్టీల కుర్చీ.

తాత టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు.

బస్సు నడిపే మార్వెట్టా కిందికి దిగి ఇళ్ల తలుపులు కొడుతోంది. "తాతా, ఈ కుర్చీ ఎవరిదో తెలుసా?"

"ఎవడో బుద్ధిలేనివాడిది. తీసి అవతల పెట్టలేకపోయావా?"

"ముడితే మా అమ్మ నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? నేనూ ఈ కొండల్లోనే పుట్టాను."

ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు బస్సులోంచి తల బయట పెట్టాడు. "కుర్చీయే కదండీ, నేను తీసేస్తా!"

"ముట్టుకో చూద్దాం!" అని వెనకసీటు ముసలమ్మ గొడుగు ఎత్తింది. "ఏ ఊర్రా నీది?"

అప్పుడే పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. పక్కింటి రెజీనా. "క్యాజ్! అలా గుడ్లప్పగించి చూస్తావేంటి? అది నీ కుర్చీయేగా!"

బస్సంతా తాతవైపు తిరిగింది. ఆయన మెడ దగ్గర మొదలైన ఎరుపు టోపీ దాకా పాకింది. కుర్చీ మడిచి తన మెట్లమీద పెట్టాడు.

"నా కారు వెనకెక్కడో ఇరుక్కుంది," అన్నాడు నెమ్మదిగా. "కొండమీదికి పోవాలి. మా ఆవిడకి అన్నం వేళైంది."

"కారున్నా లాభం లేదు తాతా. కొండదారి కార్లకి మూసేశారు. చక్రాలకి గొలుసులు కట్టిన బస్సులకే దారి. ఎక్కుతావా, పోనియ్యనా?"

తాత వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు. ప్రాణం తీసిచ్చినట్టు కారు తాళాలు పైకి విసిరాడు. "రెజీనా! నా కారు తెచ్చిపెట్టు. రెండో గేరులో కొంచెం గొణుగుతుంది, కంగారుపడకు!"

"నీకంటేనా!" అంటూ రెజీనా అందుకుంది.

బస్సులో ఖాళీలున్నా తాత కూర్చోలేదు. మార్వెట్టా పక్కన కమ్మీ పట్టుకుని, మలుపు మలుపుకీ కుడికాలితో నేలని తొక్కాడు.

"నీ బ్రేకు పనిచెయ్యదు తాతా, కూర్చో."

"ఎడమపక్క మంచు గడ్డకట్టింది, చూసుకో."

"చూశాను."

"చూసినట్టు లేదే!"

కూడలిలో పచ్చలైటు పడింది. ఎదుటి కారువాడు, ఊరి మర్యాద ప్రకారం, ఆగి, తనకి అడ్డంగా ఎడమకి తిరిగే బస్సుని ముందు పోనిచ్చాడు. మార్వెట్టా కంటే ముందు తాతే చెయ్యెత్తి అతనికి థాంక్స్ చెప్పాడు, స్టీరింగ్ తన చేతిలోనే ఉన్నట్టు.

ఆశ్రమంలో సూపు మీద మీగడ కట్టేసింది. ఫ్లోసీ గోడవైపు తిరిగి ఉంది. నర్సు తల అడ్డంగా ఊపింది. తాత టోపీ కూడా తియ్యకుండా పీరోగీలు వేడి చేయించి మంచం పక్కన కూలబడ్డాడు.

"ఫ్లోస్. ఇటు తిరుగు. నేనే."

చాలాసేపటికి తిరిగింది. "ఆలస్యం," అంది, కదిలే సగం నోటితో.

"నిజమే. తిను."

ఒక ముక్క నమిలింది. కిటికీవైపు చూసింది. "కారేది?"

అబద్ధం చెబుదామని తాత నోరు తెరిచి మూశాడు. "బస్సులో వచ్చాను."

ఆమె నమలడం ఆపింది. "నువ్వా? కూర్చున్నావా?"

"లేదు. కూర్చుంటే ఆ పిల్ల మమ్మల్నందర్నీ లోయలో పడేసేది."

ఫ్లోసీ నవ్వింది. నవ్వుతో వెన్న గడ్డం మీదికి కారింది. తాత తన రుమాలుతో తుడిచాడు. మంచం పక్కన ఆయన మోకాలు ఆగకుండా ఆడుతూనే ఉంది. రెజీనా రెండో గేరులో ఏం చేస్తోందో. బయట మళ్లీ మంచు మొదలైంది.

"రేపు?" అంది ఫ్లోసీ.

"రేపూ వస్తా."

"దేంట్లో?"

తాత కిటికీలోంచి కొండదారి చూశాడు. గొలుసుల చప్పుడుతో ఇంకో బస్సు పైకి ఎక్కుతోంది.

"ముందు నోరు తెరు," అన్నాడు.