అయిపోని సిగరెట్టు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నీకింకా అంత వయసు రాలేదు అంటుంది మా ఆవిడ. నిజమే, నేను చెప్పబోయేది నిన్నగాక మొన్నటి సంగతి. కానీ మనిషి మొదటి ఉద్యోగంలో చేరి, తన మాటకి విలువుందని మొదటిసారి నమ్మేసిన రోజులు ఎప్పటివైనా ‘ఆ రోజులే’ అని నా అభిప్రాయం. ఆ రోజుల్లో నేను కాన్‌బెర్రాలో, గంగాలిన్ అనే పేటలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. యూనివర్సిటీ చదువు ముగించి ఒక ఐటీ కంపెనీలో టెస్టర్‌గా చేరాను. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టే ఉద్యోగం. (తప్పులు పట్టినందుకు జీతమిస్తారని ఫోన్లో చెబితే మా నాన్న, ‘మీ మేనత్త ఇన్నేళ్ళుగా ఊరికే చేస్తోందిరా’ అన్నాడు.) మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని ట్రామ్‌లో కూర్చుంటే ఎదుటి సీటువాళ్ళలో కూడా తప్పులు కనిపించేవి. చేరి కొన్ని నెలలైనా ఆఫీసులో చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటీ పట్టలేదన్నది వేరే సంగతి. మా టీమ్ లీడ్ తెల్లజుట్టు పెద్దావిడ, నేను ఏది పాసయిందన్నా ఒకటే అడిగేది. పనిచేస్తోందంటున్నావు సరే, ఎవరికోసం చేశామో వాళ్ళ పని అయిందా అని. అది ఆవిడ చాదస్తమనుకునేవాణ్ణి.

ఆ ఇంట్లో నాతోపాటు ఉండేవాడు ఇంజనన్న. నల్లగొండ మనిషి, నాకంటే బాగా పెద్ద, ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. లేవగానే ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి, మీటింగుకి ముందొకటి, ఆ మీటింగు అయిపోయిందన్న సంతోషానికి ఇంకొకటి, ఇలా పొగ లేనిదే కదలడు కాబట్టి మిత్రులు ఆ పేరు పెట్టారు. నేను రోజుకి రెండో మూడో తాగేవాణ్ణి. (ఇంజను వెనక పెట్టెకి సొంత పొగ అక్కర్లేదు కదా.) ఇంట్లో పొగ తాగకూడదని అద్దెకిచ్చినవాళ్ళు ముందే గట్టిగా చెప్పారు. అందుకని ఎప్పుడు తాగాలన్నా పెరట్లోకి, బట్టలారేసే తీగల దగ్గరకి పోవలసిందే. కాన్‌బెర్రా చలి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పొద్దున్నే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు ఉండేది. ఇద్దరం రగ్గులు కప్పుకుని, కాళ్ళు మార్చి మార్చి నిలబడి, నోట్లోంచి వస్తున్నది పొగో ఆవిరో తెలియకుండా మాట్లాడుకునేవాళ్ళం. వీసా కష్టాలు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, మా టీమ్ లీడ్ కనుబొమలెత్తిన వైనం, అన్నీ అక్కడే. సిగరెట్టు కాలినంతసేపూ మాటలు, అది అయిపోగానే లోపలికి పరుగు.

ఆ ఏడు అన్న ఊరెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చాడు. వదిన వీసాకి కొన్ని నెలలు పట్టింది. ఎయిర్‌పోర్టులో అన్నని సాగనంపేటప్పుడు వదిన అడిగింది ఒకే ఒక్కటట. ‘నేను వచ్చేసరికి సిగరెట్ బంద్ జెయ్యాలె. మా నాయిన దగ్గి దగ్గి పోయిండు. మల్ల గా దగ్గు నేనుండే ఇంట్ల వినలేను.’ అన్న సరేనన్నాడు. ఊరికే అనలేదు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు, చెప్పడం అవగానే ఇంకో సిగరెట్టు ముట్టించేవాడు.

వదిన టికెట్టు ఖాయమైన వారం, ఆఫీసు నుంచి వస్తూ అగ్గిపెట్టెకి పెద్దన్నలాంటి వస్తువొకటి పట్టుకొచ్చాడు, బ్యాటరీతో నడిచే సిగరెట్టు. వేప్. (ఇప్పుడైతే వేప్ కావాలంటే పెద్దవాళ్ళు ఫార్మసీకి వెళ్ళి ఫార్మసిస్టుతో మాట్లాడి తీసుకోవలసిందే, అదీ ఇలాంటి పండ్ల రుచులు లేకుండా. అప్పట్లో వీధి చివరి కొట్లో కూడా కనపడేవి.) నున్నగా ఉంది. ఒక పక్క చిన్న స్క్రీను, అందులో లోపలి ద్రవం ఎంత మిగిలిందో, బ్యాటరీ ఎంతుందో అంకెలు. అడుగున ఫోను ఛార్జరు పట్టే కన్నం. రుచి, మామిడిపండు.

‘ఇది డిస్పోజబుల్ తమ్మీ’ అన్నాడు అన్న.

‘పారేసేదానికి ఛార్జింగెందుకన్నా?’

‘పారేసేదే. కానీ ఇప్పుడే గాదు. లోపల నీళ్ళు మస్తున్నయ్, అవి అయిపోకముందే బ్యాటరీ పోతది, గందుకే ఛార్జింగ్. నువ్వు టెస్టర్‌వి గదా, జర టెస్ట్ చేసి చెప్పు. పాస్ అన్నవనుకో, సిగరెట్ డబ్బా తీస్కపోయి బిన్‌ల ఏస్త.’

నన్ను నమ్మి ఒక మనిషి తన సంసారాన్ని నా చేతిలో పెట్టడం అదే మొదలు. ఆ వారమంతా ఆఫీసులో కూడా పెట్టనంత శ్రద్ధ పెట్టాను. అన్న నాలుగు దమ్ములు లాగడం, నేను ఒకటి లాగి కళ్ళు మూసుకుని అభిప్రాయం చెప్పడం. గొంతుకి తగులుతోంది, సిగరెట్టంత కాదు గానీ ఆశ తీరేంత. రుచి మొదటి దమ్ములో బంగినపల్లి, తర్వాత్తర్వాత మామిడి తాండ్ర, బ్యాటరీ తగ్గినప్పుడు మామిడి తాండ్ర చుట్టిన కాగితం. జేబులో అడ్డంగా పడేసినా కారలేదు. ఛార్జింగు పెడితే వేడెక్కలేదు. బ్యాటరీ అంకె నిజమే చెప్పింది, ద్రవం అంకె మాత్రం మా మేనత్త వయసులాగా ఎన్నాళ్ళైనా ఒకేచోట నిలబడింది. (దాన్ని గొప్ప సుగుణమని మెచ్చుకున్నాను.) చివరి పరీక్షగా హాల్లో స్మోక్ అలారం కింద నిలబెట్టి ఊదమన్నాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. అలారం అందుకుంది. అన్న కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే పక్కింటాయన కంచె మీదుగా తొంగిచూసి, ‘ఎవ్రీథింగ్ ఆల్‌రైట్, మేట్?’ అని అడిగాడు. ‘టెస్టింగ్’ అన్నాను. మా ఉద్యోగాలు తెలిసినవాడు కాబట్టి తల ఊపి వెళ్ళిపోయాడు.

అలారం కింద ఊదకూడదన్న ఒక్క షరతుతో పాస్ చేసేశాను. అన్న సిగరెట్ పెట్టె బిన్‌లో పడేసి, రెండు చేతులూ దులుపుకుని, వదినకి ఫోన్ చేసి ‘బంద్ జేసిన’ అన్నాడు. అందులో అబద్ధం లేదు. అవతల వదిన ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుందని విన్నప్పుడు నాకూ గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళే పని లేకపోయింది. ఇది పొగ కాదు, ఆవిరి, ఇడ్లీ పాత్రలోంచి వచ్చేదానికీ దీనికీ తేడా లేదు అని అన్న వాదన. సోఫాలో దమ్ము, స్నానానికి ముందు దమ్ము, మీటింగులో కెమెరా ఆపి దమ్ము, ఎడమ చేత్తో పప్పు కలుపుతూ కుడి చేత్తో దమ్ము. పక్కనే ఉంది కదా అని నేనూ చెయ్యి చాపేవాణ్ణి. పొద్దున కళ్ళు తెరవకముందే అన్న చెయ్యి దుప్పటి మీద దానికోసం వెతికేది. ఇద్దరం సోఫాకి చెరో కొసన ఫోన్లు చూసుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండానే దాన్ని అటూ ఇటూ అందించుకునేవాళ్ళం. మాట్లాడుకోవడానికి ఏమీ లేక కాదు. మాట మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఒక చోటుండేది, అది పోయింది. నాకు ఆ పెరటి మీద బెంగగా ఉండేది. కాన్‌బెర్రా చలి మీద బెంగపెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

వదిన జులైలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. అంతకుముందే ఇల్లంతా కడిగి కిటికీలు తెరిచాం గానీ, కర్టెన్లలో, సోఫాలో, రగ్గుల్లో చేరిన వాసన మాకు తెలియడం ఎప్పుడో మానేసింది. వదిన గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికొచ్చి, గాలి పీల్చి ఆగిపోయింది. ప్రయాణపు అలసటంతా పోయి మొహం విప్పారింది.

‘గీ చలికాలంల మామిడిపండ్లా? యేడ దొరికినయ్?’

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అన్న మాత్రం, ‘నీ కోసమే తెప్పిచ్చిన’ అన్నాడు.

‘యేవీ?’

అన్న నావైపు చూసి, ‘తమ్ముడు తెస్తుండు’ అన్నాడు. వాసన ముందొచ్చి పళ్ళు తర్వాత రావడం లోకంలో ఎక్కడా లేదు, కానీ ఆ సమయంలో ఎవరికీ తోచలేదు. నేను కారు తాళాలు పట్టుకుని పరిగెత్తాను. ఈ దేశంలో మామిడిపండు డిసెంబరు సంగతి. జులైలో అడిగితే సూపర్‌మార్కెట్లో పళ్ళ దగ్గరి కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. ఆఖరికి ఫ్రీజర్లో, ముక్కలు కోసి గడ్డకట్టించిన మామిడి సంచి ఒకటి దొరికింది. గిన్నెలో పోసి వదిన ముందు పెట్టాను. ఒక ముక్క చాలాసేపు చప్పరించింది.

‘తియ్యగనే ఉంది గానీ, దీనికి వాసన లేదు’ అంది.

గిన్నె కింద పెట్టి లేచింది. పప్పులో ఏం తక్కువైందో వాసనతో చెప్పే మనుషులుంటారు చూడండి, ఆ పద్ధతిలో కర్టెను దగ్గర ఆగింది, సోఫా దగ్గర ఆగింది, నా రగ్గు పట్టుకుని చూసి వదిలేసింది, చివరికి అన్న జాకెట్టు దగ్గర నిలబడి జేబులో చెయ్యి పెట్టింది. బయటికి తీసి, వెనకవైపు అక్షరాలన్నీ ఓపిగ్గా చదివింది.

‘ఇది సిగరెట్టా?’

‘గాదు. సిగరెట్ బంద్ జేసిన, నీ మీదొట్టు.’

‘నికోటిన్ అని రాసున్నది గదా.’

‘ఉంటది. గానీ పొగ గాదు. టెస్ట్ గూడ చేయించిన. తమ్ముడే పాస్ జేసిండు.’

వదిన నావైపు తిరిగింది. ఉద్యోగం ఇంటర్వ్యూలోలాగా నిటారుగా నిలబడ్డాను. ‘ఏమేం టెస్ట్ జేసినవ్ తమ్మీ?’ అంది. కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది. గొంతు, రుచి, ఛార్జింగు, జేబు, అలారం, అన్నీ చెప్పాను. తల ఊపుతూ అంతా విన్నది.

‘మరి ఇది అయిపోయేదెప్పుడు?’

ఇద్దరం స్క్రీను వైపు చూశాం. కొన్నది వారాల కిందట, ద్రవం ఇంకా సగానికి పైనే ఉంది. ‘పొద్దటి నుంచి ఎన్నిసార్లు తాగినవ్?’ అని అన్నని అడిగింది.

‘యాది లేదు.’

‘మా నాయినకైనా లెక్కుండె’ అంది వదిన. అంతే, కొత్త దేశంలో, కొత్త ఇంట్లో, కోటు కూడా విప్పకుండా సోఫా అంచున కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఆ గదిలో నేనుండకూడదని తెలుస్తోంది, కానీ పరీక్షించినవాణ్ణి నేనే కాబట్టి లేచిపోవడానికి మొహం చెల్లలేదు.

అన్న వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ‘ఒక్కపారి ఇడిచిపెట్టాలంటే నాతోని అయితలేదు. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే.’ నేనతని దగ్గర విన్న మాటల్లో అంత నిజమైన మాట అదే. వదిన లేచి, వెనక తలుపు తీసుకుని పెరట్లోకి నడిచింది. తీగకి వేలాడుతున్న బట్టల క్లిప్పుల బుట్టలో వేప్‌ని పడేసి వచ్చింది.

‘ఇది ఇంట్ల ఉండొద్దు. కావాల్నంటే గాడికి పోయి నిలబడు, అయినంక ఉత్త చేతులతోని లోపలికి రా. ఛార్జింగ్ నేను పెడ్త, నాకు యాదికొచ్చినప్పుడు.’

మళ్ళీ పెరడు మొదలైంది. మంచుకి తడిసి తెల్లారేసరికి బ్యాటరీ నీరసపడేది, నాలుగు దమ్ములకే మొండికేసేది. అన్న రగ్గు కప్పుకుని క్లిప్పుల బుట్టలో చెయ్యి పెట్టి దేవుకుంటుంటే నేను పక్కన నిలబడేవాణ్ణి. మాటలు తిరిగొచ్చాయి. కొన్నాళ్ళకి వదిన కూడా, ‘ఈడ ఇంత చలిల ఏం ముచ్చట్లు పెడ్తరు మీరు’ అంటూ టీ పట్టుకొచ్చి మాతో నిలబడడం మొదలుపెట్టింది. అంతా సాఫీగా జరిగిందని చెప్పను. మధ్యలో అన్న ఆఫీసు మనుషుల దగ్గర సిగరెట్టు అడిగి తాగొచ్చాడు, వదిన గుమ్మంలోనే పట్టేసింది, రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. కానీ బుట్ట దగ్గరికి నడక తగ్గుతూ వచ్చింది. చలి తగ్గి, వీధిలో వాటిల్ అనే తుమ్మజాతి చెట్లు పసుపచ్చగా పూసేనాటికి వదిన ఛార్జింగు సంగతి మరిచిపోయింది, దాన్ని ఎవరూ గుర్తుచేయలేదు. ఇంజను ఆగాక వెనక పెట్టె మాత్రం ఎక్కడికి పోతుంది, నేనూ ఆగాను. వేప్‌ని పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చి వచ్చింది నేనే. ఇచ్చేటప్పటికీ లోపల ఇంకా కొంత మిగిలే ఉంది.

ఈ కథ మా టీమ్ లీడ్‌కి చెబితే అంతా విని, మీ వదినని మన టీమ్‌లోకి తీసుకుందామా అంది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ఏదైనా పాసయిందని ఉత్సాహంగా వస్తే, ఇది ఆగేదెక్కడ అని అడుగుతున్నాను. నా చాదస్తమనుకుంటున్నారని తెలుసు. వాళ్ళని చూస్తే అలారం కింద నిలబడి ‘టెస్టింగ్’ అని చెప్పిన మెడలో కార్డు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి ధైర్యం మీద కొంచెం అసూయ కూడా.

అన్నావదినా ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఇల్లు కట్టుకున్నారు. మొన్న చలికాలంలో వెళ్ళాను. భోజనాలకి ముందు వదిన ఇచ్చిన టీ కప్పులు పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే ఇద్దరం పెరట్లో బట్టల తీగల దగ్గరికి చేరాం. బుట్టలో క్లిప్పులే ఉన్నాయి. అన్న గొంతు తేటపడింది, జుట్టు పలచబడింది. ఏవేవో మాట్లాడుకుంటూ ఉండగానే కప్పులు ఖాళీ అయ్యాయి. వంటింటి కిటికీలోంచి వదిన, ‘అయిపోయిందా మీది? అన్నం చల్లగైతున్నది’ అని కేకేసింది.

అన్న కప్పు వంచి చూశాడు. అడుగున టీ పొడి మరక తప్ప ఏమీ లేదు.

‘ఇంక జరంత ఉన్నది’ అన్నాడు.

నేను కూడా ఖాళీ కప్పెత్తి ఒక గుక్క తాగాను.