తాకని సీతాఫలం

సమ్మమ్మ హసన్‌పర్తి రోడ్డు పక్కన గంప పెట్టుకుని పండ్లు అమ్మేది. సీతాఫలాల కాలంలోనే పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. చేతిని కదిలిస్తూ ఉండాలని చెప్పి దవాఖానలో రబ్బరు బంతి ఇచ్చారు. ఒక పూట పట్టుకుని, విసుగొచ్చి దాన్ని మంచం కిందికి దొర్లించేసింది.

కొడుకు భానుచందర్ ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాడు. పెద్ద చదువేం కాదు, చిన్న చిన్న ఆటలు తయారుచెయ్యడం వచ్చు. తల్లి కోసం ఒకటి చేశాడు. తెర మీద పైనుంచి సీతాఫలాలు రాలుతుంటాయి. మౌస్ అటూ ఇటూ జరిపితే కింద గంప జరుగుతుంది. పండు గంపకు తాకితే పట్టినట్టు గంట మోగుతుంది.

సమ్మమ్మ నవ్వింది. పడ్డ చేతిని ఎడమచేత్తో ఎత్తి మౌస్ మీద పెట్టుకుంది. ఒక పండు గంప పక్కనుంచే పోతున్నా పట్టినట్టు మోగింది.

"తాకనే లేదు గద బిడ్డా! గంపల ఎట్ల పడ్డది?"

"పండు సుట్టు కనవడని డబ్బా ఒకటి ఉంటదవ్వా. దాని మూల తాకినా తాకినట్టే లెక్క."

"సీతాఫలానికి మూలలేందిరా?"

నిజమే. డబ్బా తీసేసి గుండ్రటి గీత పెట్టాడు. పండు నడిమధ్య నుంచి గంపలో దగ్గరి చోటు ఎంత దూరమో చూసి, ఆ దూరం పండు సగం వెడల్పును మించకపోతేనే తాకినట్టు లెక్క కట్టించాడు. ఇప్పుడు అబద్ధం లేదు. కానీ సమ్మమ్మకు ఒక్క పండూ అందలేదు. గంప కొంచెం కదిలేలోపే పండు నేలకు చేరుతోంది. ఆమె కళ్లు తెర మీద, పెదవి పంటి కింద.

ఆ ముఖం చూడలేక భాను ఆ కనపడని గుండ్రటి గీతను పెద్దది చేశాడు. పండు బొమ్మ మాత్రం అంతే ఉంది. మళ్లీ పండ్లు గంపలో పడసాగాయి. "జర నయమైతాంది అవ్వా" అన్నాడు. ఆమె అందరికీ చెప్పుకుంది కూడా.

ఒకనాడు భాను బడినుంచి వచ్చేసరికి ఆమె మౌస్ ముట్టకుండా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. తెర మీద గంప కదలడం లేదు. అయినా పక్కన రాలిన పండు పట్టినట్టు మోగింది.

"నేను కదపనే లేదు భానూ."

అతను తల వంచుకున్నాడు.

"నా కోసం చేసినవు, ఎరికే. గని తీసెయ్యి. ఉన్నదున్నట్టు సూస్త."

తీసేశాడు. ఆమె చాలాసేపు ప్రయత్నించింది. అతను ఉండబట్టలేక ఆమె చేతి మీద చెయ్యేస్తే, "నువ్వు జరుపకు" అంది. చేయి మౌస్ మీదనుంచి జారింది. పండ్లు రాలుతూనే ఉన్నాయి. ఆట ఆపాలని కూడా అతనికి తోచలేదు.

ఎండాకాలం వచ్చేసరికి డాక్టరు, చేయి ఇక ఇంతకంటే కదలకపోవచ్చని చెప్పేశాడు. సమ్మమ్మ ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. కొప్పు మాత్రం ఒంటిచేత్తో పడలేదు. పొద్దున్నే భాను దువ్వుతాడు. తిప్పి ముడేస్తాడు, పిన్ను గుచ్చుతాడు. ఆమె లేచి వాకిట్లోకి వెళ్లేలోపే అది వదులై మెడ మీదికి జారుతుంది.

"మల్ల ఎయ్యాల్నా అవ్వా?"

"ఉండనియ్యి బిడ్డా. బడికి ఆలస్యమైతాంది."