నరేందర్ చెయ్యి దూరని విమానం

కొడకండ్ల మండలంలోని ఒక తండాలో పుట్టిన బానోత్ నరేందర్ పద్దెనిమిదో ఏట నౌకాదళంలో చేరాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో అతను సముద్రంలో ఈదింది రెండేసార్లు, అదీ పరీక్ష కోసం. మిగతా కాలమంతా విమానాల కింద వెల్లకిలా పడుకొని గడిపాడు. ఓడ మీది నుంచి ఎగిరే యుద్ధవిమానాలను బాగుచేయడం అతని పని.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తండ్రి మంగ్యా అతన్ని మంచం మీద కూర్చోబెట్టుకొని అడిగాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడేది లంబాడీ. కానీ ఇంజిన్ల సంగతి వచ్చేసరికి ఇద్దరూ తెలుగులోకి దిగారు.

"ఓడ మీద ఇమానం ఎట్ల దిగుతదిరా? జాగ యాడిది?"

"తోకకు కొక్కెముంటది బాపు. ఓడ మీద ఇనుప తాడు అడ్డం కట్టి ఉంటది. కొక్కెం దానికి తట్టుకుంటది, ఆగుతది."

"ఉరికే బర్రెను తోక పట్టి గుంజినట్టా?"

"గట్లనే."

మంగ్యా అంతటితో వదల్లేదు. "తోక ఊడొస్తే?"

"ఊడకుంట చూసేటందుకే నన్ను పెట్టుకున్నరు."

ఆ విమానాలు నరేందర్ చేరేనాటికే సగం ముసలివి. విడిభాగాలు పరాయి దేశం నుంచి రావాలి. అవి వచ్చేలోపు ఒక విమానం ఎగరాలంటే ఇంకొక దాన్ని విప్పాలి. షెడ్డులో ఆరు విమానాలుంటే కాగితం మీద ఆరూ సిద్ధమే. ఆరూ ఒకేసారి ఎగరాలని మాత్రం ఎవరూ అడగకూడదు. ఏటా ఎవరో ఒక పెద్ద అధికారి వచ్చి, మన దేశంలోనే తయారయ్యే కొత్త విమానం ఐదేళ్లలో వీటి స్థానంలోకి వస్తుందని చెప్పి వెళ్లేవాడు. నరేందర్ చేరిన ఏడాది ఐదేళ్లు. పదో ఏటా ఐదేళ్లే. విమానాలు ముసలివయ్యాయి, నరేందర్ జుట్టు నెరిసింది, ఆ ఐదేళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

అతన్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది పిడికిలంత ఆయిల్ ఫిల్టరు. అది ఇంజిన్ పొట్ట కింద ఎక్కడో దాక్కొని ఉంటుంది. దాన్ని మార్చడానికి నాలుగు నిమిషాలు చాలు. కానీ దాని దగ్గరికి చేరాలంటే ఇంజిన్ మొత్తం దించాలి. దించడానికి తొమ్మిది గంటలు, ఎక్కించడానికి తొమ్మిది. ఊగే ఓడ మీద ఈ పని చేసి చేసి అతని వేళ్ల కణుపులన్నీ గాట్లు పడ్డాయి.

నౌకరీలో పద్నాలుగో ఏట కొత్త విమానం రూపకల్పన కమిటీలోకి అతన్ని పంపారు. ముప్పైమంది సభ్యుల్లో విమానాన్ని చేత్తో ముట్టినవాడు ఒక్కడైనా ఉండాలని నియమం ఉందట. ఆ ఒక్కడికి చివరి కుర్చీ దక్కింది. ప్రతి సమావేశంలోనూ అతను ఒకటే కోరాడు: ఫిల్టరు దగ్గర చెయ్యి పట్టేంత కంత, దానికో మూత. ప్రతిసారీ "పరిశీలించబడును" అని రాసుకున్నారు. మొదట విమానానికి ఒకే ఇంజిన్ అన్నారు. ఓడ మీది నుంచి తగినంత బరువు ఎత్తలేదని తేలాక రెండు ఇంజిన్లు అన్నారు. ఫిల్టర్లు రెండయ్యాయి కాబట్టి నరేందర్ విన్నపాన్ని కూడా రెండు విన్నపాలుగా లెక్కగట్టి, రెండూ పరిశీలించబడునని రాశారు.

కమిటీలోకి వచ్చిన ఐదో ఏట అసలు కొలతలతో విమానం చెక్క నమూనా తయారైంది. అధ్యక్షుడు మురిసిపోతూ, "నరేందర్, మీ మూత పెట్టించాం. చూసుకోండి" అన్నాడు.

నరేందర్ మూత తీసి, గట్టిగా నొక్కి చెయ్యి లోపలికి పెట్టాడు. ఫిల్టరు అందింది. చెయ్యి వెనక్కి రాలేదు.

"సార్, చెయ్యి ఇరికింది."

"ఫిల్టరు వదిలేయండి."

"వదిలేసిన సార్. చెయ్యే వస్తలేదు."

రంపంతో కోద్దామన్నారు. అయితే ఆ నమూనా పోయిన వారమే ప్రభుత్వ ఆస్తుల జాబితాలోకి ఎక్కింది. కోయాలంటే మూడు సంతకాలు కావాలి. సంతకం పెట్టాల్సిన ముగ్గురిలో ఒకాయన ఢిల్లీలో ఉన్నాడు. అధ్యక్షుడు దయగలవాడు. నరేందర్‌కు కుర్చీ వేయించి, ఎజెండాలో ఎనిమిదో అంశానికి వెళ్లాడు. అది విమానానికి వేయాల్సిన రంగు. చర్చ గంటసేపు సాగింది. టీ వచ్చింది, నరేందర్ ఎడమ చేత్తో తాగాడు. బూడిద రంగుకు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నప్పుడు ఆ ఎడమ చెయ్యే ఎత్తాడు.

పక్క గదిలోంచి ఒక యువ ఇంజినీరు వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చుంది. పేరు శ్రీలత.

"జర నూనె ఉంటే పోస్తరా మేడమ్?" అన్నాడు నరేందర్.

ఆ 'జర' దగ్గర ఆమె ఆగింది. "ఏ ఊరన్నా మీది?"

"కొడకండ్ల కాడ తండా."

"మాది మొగుళ్లపల్లి, మీ దిక్కే." ఆమె నూనె పోసి లాగి చూసింది. రాలేదు. గొంతు తగ్గించి చెప్పింది: "గీ మూత గీసింది నేనే అన్నా. పుస్తకంల ఉన్న చెయ్యి కొలత పెట్టిన."

"ఎవలి చెయ్యమ్మా గది?"

"పైలట్లది."

"పైలట్ దిగొచ్చి ఫిల్టర్ మారుస్తడా?"

శ్రీలత లేచి, వడ్రంగి దగ్గర రంపం తెచ్చింది. కోయడం మొదలుపెట్టాక గానీ అధ్యక్షుడు చూడలేదు.

"శ్రీలతా, సంతకాలు?"

"గీసింది నేనే సార్. తప్పు నాది, సంతకమూ నాదే."

చెయ్యి బయటపడింది. ఈ సంఘటన వల్ల రెండు కాగితాలు పుట్టాయి. ఒకటి, ప్రభుత్వ ఆస్తిని కోసినందుకు శ్రీలతకు మెమో. రెండోది కమిటీ సిఫారసు. మెకానిక్ చెయ్యి ప్రామాణిక కొలతను మించి ఉన్నందున, ఇకపై చిన్న చేతులున్నవారినే మెకానిక్‌లుగా తీసుకోవాలని దాని సారాంశం. ఈ రెండో కాగితం ఎనిమిది నెలలు బల్లల మీద తిరిగింది. ఎవరూ నవ్వలేదు.

నవ్విందల్లా నరేందరే, అదీ ఒక్క రోజు. మర్నాటి నుంచి పెన్సిలు, తెల్ల కాగితాలు పట్టుకొని షెడ్డు షెడ్డుకూ తిరిగాడు. కనిపించిన ప్రతి మెకానిక్‌నూ చేతి తొడుగు వేసుకొని చెయ్యి కాగితం మీద పెట్టమని చెప్పి, చుట్టూ గీత గీశాడు. రెండు వందల పన్నెండు చేతులయ్యాయి. శ్రీలత వాటన్నిటినీ మెమోకు జవాబుగా జతచేసి పంపింది. అన్ని చేతులను ఏ నిబంధన కింద కొట్టెయ్యాలో ఎవరికీ తోచలేదు. మూత రెండంగుళాలు పెరిగింది.

ఆ మాట విన్న రోజు నరేందర్ క్యాంటీన్‌లో ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. విమానం వస్తుందో రాదో అతనికి తెలియదు. తను చెప్పిన మాట ఒకటి గీతల్లోకి ఎక్కింది, ఇక దాన్ని ఎవరూ "పరిశీలించబడును" అనలేరు. అది చాలనిపించింది.

పదవీ విరమణ తర్వాత అతను చెల్పూర్ థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరుగా చేరాడు. కొడకండ్లలో అతనికి సన్మానం చేశారు. ఫ్లెక్సీ మీద 'యుద్ధవిమాన సృష్టికర్త' అని రాసి, పక్కన ఏదో పరాయి దేశపు విమానం బొమ్మ వేశారు. నరేందర్ మైకు తీసుకొని ఉన్నది చెప్పాడు: "నేను చేసింది ఒక్క మూత రెండంగుళాలు పెద్దగ చేయించుడే."

ఊరి నాయకుడు మైకు లాక్కున్నాడు. "చూసిండ్రా, ఎంత అణకువనో! గిసొంటి మనిషి పుట్టిన మండలానికి ఎయిర్‌పోర్టు అడుగుతే తప్పా?" చప్పట్లు మోగాయి.

పోయిన వేసవిలో ఒక పొద్దున, షిఫ్టుకు వెళ్తూ ప్లాంటు గేటు దగ్గర ఉండగా శ్రీలత ఫోన్ చేసింది.

"ఫోటో తియ్యనియ్యరన్నా, నోటితోని చెప్త విను. మన ఇమానానికి మొదటి రేకు కోసిండ్రు. మూత కాడ మెకానిక్ తొడుగేసుకొని మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన."

"మల్ల బయటికొచ్చిందా?"

"వచ్చింది."

నరేందర్ ఫోన్ జేబులో వేసుకొని, హెల్మెట్ పెట్టుకొని లోపలికి నడిచాడు.