ఊట అయిందా సార్?

మొన్న జయనగర్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. ఇల్లు కొత్తది కాదు, మా బంధువులు కొత్తగా కొనుక్కున్న పాత ఫ్లాటు. చేతిలో పళ్ల పళ్లెంతో లిఫ్టు ఎక్కితే, బటన్ల పక్కన సగం చిరిగిన ఒక పసుపు స్టిక్కరు కనిపించింది. లిఫ్టు చెడిపోతే ఫోన్ చేయమని కన్నడంలో రాసిన స్టిక్కరు. అది మా షాపుదే. నంబరులో చివరి రెండు అంకెలు ఎవరో గోటితో గీకేశారు. కానీ పదకొండేళ్లు ఆ ఫోను ఎత్తినదాన్ని, నాకు ఆ రెండంకెలతో పనేముంది? పళ్లెం ఎడమ చేతిలోకి మార్చుకుని నంబరు నొక్కేశాను. ఒక్క రింగు మోగగానే సిగ్గేసి పెట్టేశాను. ఎత్తితే ఏమని చెప్పాలి, అక్కడ పాత మనిషిని, ఊరికే చేశానని చెప్పాలా?

మాది బెంగళూరు కాటన్‌పేట. మా అత్తగారి వాళ్లు మూడు తరాల కింద హిందూపురం వైపు నుంచి వచ్చి బట్టల వ్యాపారంలో కుదురుకున్నారు. ఆ ఇంటి ఆడవాళ్లు గడప దాటి ఉద్యోగం చేసిన దాఖలా లేదు. పిల్లలు కాలేజీల్లో పడ్డాక నాకు మధ్యాహ్నాలు గడవడం కష్టమై, పక్క వీధిలో లిఫ్టులు బాగుచేసే షాపులో మనిషి కావాలంటే, నలభై రెండో ఏట వెళ్లి చేరాను. పని ఏమిటని మా అత్తగారు అడిగితే ఫోన్లు ఎత్తడమని చెప్పాను. "ఫోను ఎత్తేదానికీ జీతమిస్తారా? అయితే మన ఇంట్లో నాకెంత బాకీ ఉండారో చూడు" అంది ఆవిడ. ఆవిడ నోటికి నేనెప్పుడూ సరిజోడు కాలేదు.

ఆ షాపు నడిపే మా సారు మదనపల్లి మనిషి. నాకంటే పదేళ్లు చిన్న. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని సారు అనేదాన్ని, ఇద్దరికీ అందులో తప్పేమీ తోచలేదు. పనిలో రాక్షసుడు. పొద్దున ఎనిమిదింటికి ఏదో ఒక బిల్డింగులో లిఫ్టు గుంతలోకి దిగితే మళ్లీ పైకి వచ్చేసరికి మోచేతుల దాకా గ్రీజు. ఆ చేతులతో ఫోను ఎత్తేవాడు, ఎత్తి కసురుకునేవాడు. "వస్తా ఉండాను కదప్పా, ఊపిరి తీసుకోనీ" అంటే ఏ కస్టమరు ఊరుకుంటాడు? నలుగురు వేరే షాపు చూసుకున్నాక ఆయనకు జ్ఞానోదయమై నన్ను పెట్టుకున్నాడు. అన్నట్టు మా ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. లిఫ్టుల షాపుకు మెట్లెక్కి వచ్చినవాళ్లు మొదట ఆ మాటే అడిగేవాళ్లు. నేను నవ్వి మంచినీళ్లు ఇచ్చేదాన్ని.

ఫోను ఎత్తడం ఒక విద్య అని నాకు మొదటి వారంలోనే తెలిసింది. లిఫ్టు ఆగిపోయినవాడు నమస్కారం పెట్టి మొదలుపెట్టడు, తిట్టుతో మొదలుపెడతాడు. ఆ తిట్టు మా సారుకు రావలసింది, దారిలో నా చెవిలో పడింది అనుకునేదాన్ని. అప్పుడు కోపం వచ్చేది కాదు. నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. లోపల ఎవరైనా ఉన్నారా అన్నది మొదటి మాట. పది నిమిషాల్లో వస్తారని అబద్ధం చెప్పకూడదు. ఈ ఊళ్లో ఏ పది నిమిషాలు గంటకు తక్కువ కాలేదు, అది వాళ్లకూ తెలుసు. మిస్డ్ కాల్ కనిపిస్తే మనమే తిరిగి చేయాలి. ఇక ఆఖరిది కట్టుబాటు కూడా కాదు, నా అలవాటు. బెంగళూరులో పుట్టి పెరిగిన నోరు కదా, ఏ పలకరింపు అయినా "ఊట అయిందా?" అన్న దగ్గరికి రాకుండా పూర్తి కాదు. కన్నడంలో ఊట అంటే భోజనం. ఎదుటివాళ్లు ఎంత మండిపడుతున్నా, పెట్టేసే ముందు భోజనమైందా అని అడిగేదాన్ని. మా సారుకు ఇది నచ్చేది కాదు. "లిఫ్టు చెడిపోయిందని వాళ్లు ఏడుస్తా ఉంటే కూరా చారూ అడుగుతావేందక్కా" అనేవాడు.

బసవనగుడిలో ఒక పాత బిల్డింగు మా కస్టమరు. ఇనుప మడత గేటు ఉండే పాతకాలపు లిఫ్టు. ఆ బిల్డింగు సెక్రటరీ గారు డెబ్బై దాటిన మనిషి, ఒక్కడే ఉండేవాడు. నెలకు రెండుసార్లు తప్పకుండా ఫోన్ చేసి, "ఏమ్మా, మీ సారు ఉండాడా, లిఫ్టుతో పాటు ఆయప్పా రిపేరుకు పోయినాడా?" అని మొదలుపెట్టేవాడు. నేను అన్నీ విని, రాసుకుని, చివర ఊట అయిందా సార్ అంటే, "నీకెందుకమ్మా నా ఊట!" అని ఠక్కున పెట్టేసేవాడు.

ఒక రోజు మా సారు ఇద్దరు మెకానిక్‌లనూ వెంటబెట్టుకుని ఊరి చివర జిగణి వెళ్లాడు. అక్కడ ఒక ఫ్యాక్టరీలో సరుకుల లిఫ్టు బిగించారు, ఆ మధ్యాహ్నమే దాన్ని కంపెనీ పెద్దవాళ్లు వచ్చి పరీక్ష చేస్తారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈ పొద్దు ఎవురు చేసినా నన్ను పిలవద్దక్కా. ఫోను ఆపేస్తా ఉండా. ఇది పోతే మన షాపు లేసిపోతాది" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో నాకూ తెలుసు.

ఒంటిగంటన్నరకు సెక్రటరీ గారి ఫోను. ఈసారి ఆయనే లిఫ్టులో ఉన్నాడు. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయిందట. అందరూ ఆఫీసులకు పోయారు, కేకేస్తే పలికేవాడు లేడు. తిట్లు వర్షంలా కురిశాయి. నేను తడిసి ముద్దై, అలవాటు కొద్దీ అడిగేశాను, భోజనమైందా సార్ అని. అడిగాక నాలుక కరుచుకున్నాను. "నేను నడిమధ్యలో యాలాడతా ఉంటే ఊట అయిందా అంటావా! కాలేదమ్మా, కాలేదు! చక్కెర జబ్బుకు సూది వేసుకోని, చూస్తే ఇంట్లో పెరుగు లేదు. తెచ్చుకుందామని దిగితే ఈ దరిద్రం!" అన్నాడు.

మా అత్తగారికీ రోజూ అదే సూది. వేసుకున్నాక వెంటనే కంచం ముందు పెట్టకపోతే ఏమవుతుందో నా కళ్లతో చూశాను. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, తరువాత మాట ఉండదు. సూది ఎప్పుడు వేసుకున్నారు సార్ అన్నాను. "అర్ధగంట అయ్యింటుంది తల్లీ" అన్నాడు. ఎన్నేళ్లుగానో నన్ను తిడుతున్న మనిషి తల్లీ అన్నాడంటే, అప్పటికే నీరసం మొదలైందన్నమాట.

ఒక చెవికి మొబైలు అలాగే పెట్టుకుని, రెండో చేత్తో ల్యాండ్‌లైను తీశాను. ఆ బిల్డింగు వాచ్‌మన్ భార్య నంబరు నా దగ్గర ఉంది. ఆమెను కూడా ఊట అయిందా అని అడుగుతూ సంపాదించుకున్న నంబరే. వెనక షెడ్డులో వంట చేసుకుంటోంది. అరటిపండు, బెల్లం పట్టుకుని మూడో అంతస్తుకు పరుగెత్తమన్నాను, గేటు మాత్రం లాగొద్దన్నాను. ఆ మహాతల్లి కంగారులో చెంబెడు పానకం కూడా కలిపి తెచ్చింది. చెంబు కమ్మీల మధ్య పట్టలేదు. అరటిపండు పట్టింది, బెల్లం ముక్క పట్టింది. "తింటా ఉండాడక్కా, చేతులు వణకతా ఉండాయి" అని అటు నుంచి చెబుతుంటే, ఇటు నేను ఆయన్ని మాట్లాడిస్తూనే ఉన్నాను. చిన్నప్పుడు వాళ్లమ్మ పెరుగు ఎలా తోడుపెట్టేదో, ఆ పెరుగు మీద మీగడ ఎంత మందమో అన్నీ చెప్పించాను.

ఆయన నమిలే చప్పుడు వినబడ్డాక, నేను చేయకూడని పని చేశాను. జిగణి ఫ్యాక్టరీ గేటుకు ఫోన్ చేసి, మా సారును లోపలి నుంచి పిలిపించమన్నాను. ఆయన వచ్చేలోగా నా ఉద్యోగానికి మనసులో నీళ్లు వదిలేశాను. రాగానే జరిగింది చెప్పాను. "ఆయప్పను మాట్లాడిస్తానే ఉండక్కా. వస్తా ఉండాను" అన్నాడు. పెద్దవాళ్లను అక్కడే నిలబెట్టి, తానే బైకెక్కి వచ్చేశాడు. పది నిమిషాలని నేను ఎవరికీ చెప్పలేదు. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ ముసలాయనా నేనూ ఈ లోకంలో ఉన్న కూరలన్నీ మాట్లాడుకున్నాం. మధ్యలో ఆయన గొంతు మునుపటిలా గట్టిపడి, మా షాపు పనితనాన్ని మళ్లీ తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లు విన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు.

ఫ్యాక్టరీవాళ్లు ముఖం మాడ్చుకుని వారం తరువాత మళ్లీ పరీక్ష పెట్టారు, ఆ పని మా చేజారలేదు. మా సారు నన్ను పొగడలేదు, ఆయనకు ఆ అలవాటు లేదు. సాయంత్రం గ్రీజు చేతులతోనే ఒక డజను అరటిపళ్లు తెచ్చి నా టేబులు మీద పెట్టి వెళ్లాడు. ఇంట్లో సంగతి చెబితే మా అత్తగారు, "ఊరికే ఇవ్వలేదులే జీతం" అంది. ఆవిడ నోటి వెంట అంతకన్నా పెద్ద బిరుదు మా ఇంట్లో ఎవరికీ రాలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు గర్వంతో నిద్రపట్టలేదు. ఆ తరువాత సెక్రటరీ గారి ఫోన్లలో తిట్లేమీ తగ్గలేదు గానీ, మొదలుపెట్టే ముందు "నీ ఊట అయిందా అమ్మా?" అని అడిగేవాడు. చివరికి నా మోకాళ్లు ఆ రెండంతస్తుల మెట్లు ఇక ఎక్కలేమన్నాక మానేశాను.

గృహప్రవేశం నాడు రెండో పంక్తిలో కూర్చున్నాను. విస్తట్లో పులిహోర పడిందో లేదో, సంచిలో ఫోను మోగింది. ఒక పడుచు గొంతు. "నమస్తే ఆంటీ, ఈ నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారా?" ఎవరూ లేరమ్మా, పొరపాటున తగిలింది అన్నాను. "పర్వాలేదు ఆంటీ. ఊట అయిందా?"

లిఫ్టుల షాపులో ఇదేం ప్రశ్నమ్మా అన్నాను, ఏం చెబుతుందో వినాలని. ఆ అమ్మాయి నవ్వింది. "మా సారు పెట్టిన రూలు ఆంటీ. ఎవరు చేసినా ఇది అడగందే ఫోను పెట్టకూడదంట."

ఆయన పెట్టిన రూలా! ఎంత నవ్వొచ్చిందో, కళ్లలో నీళ్లు కూడా అంతే వచ్చాయి. నేను ఎవరో చెప్పలేదు. ఇప్పుడే విస్తరి ముందు కూర్చున్నానమ్మా అంటే, అయితే ముందు తినండి అని పెట్టేసింది. నా పేరు తెలియని గొంతులో నా మాట ఇంకా తిరుగుతోంది. గడిచిపోయాయనుకున్న ఆ పదకొండేళ్లు ఎక్కడికీ పోలేదు, రోజూ ఎవరినో ఒకరిని అన్నం తిన్నారా అని అడుగుతూనే ఉన్నాయి.