పెరుగన్నంలో పలుకు

ఆ రోజు గద్వాలకు నేను ఒకామెను తిట్టడానికే వెళ్లాను. వనపర్తి నుంచి జీపులో వస్తున్నంతసేపూ ఆ తల్లిని ఏమేం అనాలో మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను. డ్రైవరు పాటలు పెడితే కట్టేయమన్నాను.

మేం చేసే పని ఇది. ఎవరూ లేనిచోట మాటలు వినపడటం, అందరూ కలిసి తన మీద ఏదో పన్నుతున్నారనిపించడం మొదలైన తొలి నెలల్లోనే పిల్లల్ని గుర్తించి వైద్యం అందిస్తాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా తిరుగుతాం. డాక్టరు మందు రాస్తారు. ఇంట్లోవాళ్లతో కూర్చుని జబ్బు గురించి చెప్పి, వాళ్ల భయాలు విని, పిల్లలకూ ఇంటికీ మధ్య మాట తెగకుండా చూసే బృందానికి నేను పెద్దను. పెద్దను అంటే అందరికన్నా ఎక్కువ కాగితాలు రాసి, అందరికన్నా తక్కువసేపు కూర్చునేదాన్నని అప్పటికి ఒప్పుకోలేదు.

ఆ తల్లి కూతురిది గద్వాలలో మగ్గమున్న ఇల్లు. పంతొమ్మిదేళ్లు. అన్న చీర నేస్తాడు, తల్లి దారాన్ని కండెలకు చుడుతుంది, పడుగుకు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టే పనిలో ఈ పిల్లకు ఆ వీధిలోనే పేరు. ఇంటర్ చదువుతుండగా, పక్కింటి మగ్గం చప్పుడులో తన పేరు పెట్టి తిడుతున్నారని మొదలైంది. చెవుల్లో దూది కుక్కుకునేది. వీధి మొత్తాన్నీ అనుమానించింది కానీ తల్లిని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఆమె కలిపి పెడితేనే తినేది. ఈ సంగతి నా నోటుపుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. చదవాల్సిన రోజున దాన్ని తెరవనే లేదు నేను.

మొదట్లో మాత్ర వేసుకుంది. వేళ్లు మొద్దుబారుతున్నాయని, పోగు చేతికి తెలియడం లేదని కొన్నాళ్లకు మానేసింది. ఆ తర్వాత ఒకరోజు అన్న ఫోన్ చేశాడు.

"మేడం, చెల్లె కొత్తగ ఒకటి వట్టుకుంది. అన్నంల ఏదో కలుపుతున్నరు అంటుంది."

"ఎవరు కలుపుతున్నరంట?"

"అమ్మనే అంట మేడం. అమ్మేమో ఏం మాట్లాడ్తలేదు."

నేను వెంటనే కేసు కాగితంలో రాశాను: 'కొత్త లక్షణం. అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానం.' కింద గీత కూడా కొట్టాను. ఆ గీత చూసే డాక్టరు ఒక మాత్రను రెండు చేశారు.

పది రోజులకు అన్న మళ్లీ ఫోన్ చేశాడు. పెరుగన్నంలో సగం నలిగిన మాత్ర ముక్క దొరికిందట. చెల్లెలు కంచం తీసుకెళ్లి వాకిట్లో పెట్టి, వచ్చేపోయేవాళ్లందరికీ చూపించిందట. మూడు రోజులుగా ఇంట్లో ఏమీ ముట్టడం లేదు. తన చేత్తో ఒలుచుకున్న అరటిపండు, నల్లా దగ్గర పట్టుకున్న నీళ్లు, అంతే.

అందుకే తిట్టడానికి బయలుదేరాను. నెలల తరబడి కట్టుకొచ్చిన నమ్మకాన్ని ఈ తల్లి ఒక్క చెంచాతో కూలగొట్టిందని ఒళ్లు మండిపోయింది.

ఆమె గడప దగ్గర కండెలు చుడుతోంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"ఎవరు చెప్పిండ్రమ్మా నీకు గిట్ల కలపమని? నిన్నొక్కదాన్నే నమ్మిన పిల్లకు గిట్లనా చేసేది?"

ఆమె చెయ్యి ఆగలేదు. తలెత్తి మెల్లగా అంది. "మీరే చెప్పిండ్రు గద మేడం."

"నేనా? ఎప్పుడు?"

"పిల్ల మింగుతలేదు, పెరుగన్నంల కలపాల్నా అని మిమ్మల్నే అడిగిన. మీరు జీపు ఎక్కుకుంట, ఎట్లనో గట్ల కడుపులకు పోవాలె గదమ్మా అన్నరు. పొయినరు. రెండు చేసిన్రని రెండు నూరిన. రెండోది సక్కగ నలగలే."

గుర్తొచ్చింది. అంతా గుర్తొచ్చింది. నాగర్‌కర్నూల్‌లో మీటింగుకు ఆలస్యమవుతోందని ఆమె మొహం కూడా చూడకుండా అన్న మాట అది. ఆమె ఆ మాటను డాక్టరు చీటీ లాగా దాచుకుని, పిల్ల దగ్గరా కొడుకు దగ్గరా నోరు మెదపకుండా, పూటపూటకూ అమలు చేసింది.

ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. నా ఒక్కదాని మీదే కాదు. ఆ పిల్ల 'అన్నంలో కలుపుతున్నారు' అన్నప్పుడు, నిజంగా కలుపుతున్నారా అని నేను అడగలేదు, డాక్టరు అడగలేదు, బృందంలో ఒక్కరూ అడగలేదు. అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఒకసారి జబ్బు ముద్ర పడితే చాలు, వాళ్లు నోరు తెరిచి చెప్పిన నిజాలు కూడా జబ్బు కిందే జమకట్టేస్తాం. ఆ పిల్ల నిజం చెప్పినందుకు మేం మందు పెంచాం.

వెనక వసారాలో ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను నేల మీదే కూర్చున్నాను.

"గంజిల ఒక్క పలుకున్నా నా ఏళ్లకు తెలుస్తది మేడం," అంది నన్ను చూడకుండా. "పలుకుంటే పోగు తెగుతది. చిన్నప్పటి సంది గంజి పిసికి పిసికి సూసుడే నా పని. నేర్పింది అమ్మనే. నా కంచంల పలుకు నాకు తెల్వదనుకుంది."

"అమ్మను అనకు బిడ్డా. కలపమన్నది నేను."

నా వైపు తిరిగింది.

"అయితే గది నా రోగం కాదు."

"కాదు. నువ్వు చెప్పింది నిజం."

"మరి మందెందుకు పెంచిన్రు?"

"నిన్ను నమ్మలే. గందుకు."

"కాయిదంల ఏం రాసిన్రు?"

తీసి చూపించాను. చదివింది. "కొట్టెయ్యుండ్రి," అంది. కొట్టేశాను. దాని కింద, ఆమె చూస్తుండగానే, 'ఈ అమ్మాయి చెప్పింది నిజం. అన్నంలో మాత్ర కలిపారు. కలపమనే అర్థం వచ్చేలా చెప్పింది నేను' అని రాశాను.

"అర్థం వచ్చేలా ఏంది? సక్కగ రాయుండ్రి."

అది కూడా కొట్టేసి, 'కలపమని చెప్పింది నేను' అని రాశాను.

ఆ కాగితం వనపర్తిలో పెద్ద గొడవైంది. రికార్డులో ఇలాంటివి రాస్తారా అని పైనున్న ఒకాయన కేకలేశాడు. జరిగింది రాయకపోతే రికార్డెందుకని నేనూ కేకలేశాను. డాక్టరు మాత్రం కాగితం రెండుసార్లు చదివి, వేళ్లు అంతగా మొద్దుబారని మందుకు మార్చారు. ఇంట్లో అందరం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం: తల్లి అన్నం పిల్ల కళ్ల ముందే కలపాలి, మొదటి ముద్ద తల్లే తినాలి, మాత్ర అరచేతిలో పెట్టి ఇది మాత్ర అని చెప్పాలి. వేసుకోవడం మానడం ఆమె ఇష్టం. కొన్ని రోజులు వేసుకునేది, కొన్ని రోజులు లేదు. తల్లి పెట్టిన కంచం ముందు మళ్లీ కూర్చోవడానికి వారాలు పట్టింది.

ఇప్పుడు ఏ ఊళ్లో కుటుంబాలతో కూర్చున్నా మొదటి మాట అదే చెబుతాను, అన్నంలో కలపొద్దని. నాగర్‌కర్నూల్‌లో లింగాల నుంచి వచ్చిన ఒక పత్తి రైతు, కొడుకు కోసం తిరిగి తిరిగి విసిగిపోయినవాడు, లేచి అడిగాడు. "మరి మింగకుంటే ఏం జెయ్యాలె మేడం? మీరొచ్చి కూసుంటరా?"

"కూసుంటం," అన్నాను కోపంగా. ఆ కోపం ఆయన మీద కాదు. ఇప్పటికి రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాను.

ఆ అమ్మాయి మళ్లీ పడుగుకు గంజి పెడుతోంది. మగ్గం చప్పుడులో తిట్లు పూర్తిగా పోలేదు, తగ్గాయి. మొన్న దవాఖానకు వచ్చినప్పుడు మధ్యాహ్నం బల్ల మీద డబ్బా తెరుచుకుని తింటోంది. పక్కన తల్లి కూర్చుంది. ఆ పిల్ల ప్రతి ముద్దనూ బొటనవేలితో, చూపుడువేలితో మెల్లగా నలిపి, నలిపి, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. తల్లి ఆ వేళ్ల వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కొత్తగా వచ్చిన డాక్టరు గుమ్మంలో నిలబడి ఇదంతా గమనించాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "ఈ లక్షణం ఎప్పటి నుంచి ఉంది మేడం?" అని అడిగాడు.

"రాయకండి సార్," అన్నాను. "అది మేం పెట్టింది."