బందెలదొడ్డి సంబంధాలు

పోయిన ఆదివారం మా మనవరాలు ఇంటికి ఒక కుక్కను తెచ్చుకుంది. కొన్నది కాదు. దిక్కులేని జంతువులను చేరదీసి సాకే చోటు ఒకటి ఊరి బయట ఉందట, అక్కడి నుంచి. ఎవరో కారుతో గుద్ది పోతే వెనక కాలు వంకరపోయిన కుక్క. మంచి పనే, కాదనను. కాని అది మా గడప తొక్కేలోపు జరిగిన తతంగం చూస్తే నాకు నవ్వాలో నుదురు కొట్టుకోవాలో తెలియలేదు. ముందు వారమే అక్కడి నుంచి ఇద్దరు పిల్లలు వచ్చి మా ఫ్లాటు మూలమూలా తిరిగి, బాల్కనీకి జాలీ ఉందా లేదా చూసి, చివరికి నా మంచం దగ్గర కూర్చుని "అమ్మమ్మగారూ, మీకు కుక్కలంటే ఇష్టమేనా?" అని సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లలా అడిగారు. కుక్క వచ్చిన రోజు కేకు కోశారు. దాని మెడకు గులాబి రంగు రిబ్బను కట్టారు. కింది అంతస్తు పెద్దమనిషి ఒకాయన కూడా పైకి వచ్చాడు. వానకు తడిసి మెట్ల కింద దూరిన వీధికుక్కను వాచ్‌మన్ చేత కర్రతో కొట్టించి తరిమించిన మహానుభావుడు ఆయనే. మా కుక్కను ఒళ్లోకి లాక్కుని, ముఖం నిండా దయ పులుముకుని ఫొటో దిగి, మూగజీవాల మీద నాలుగు మంచి మాటలు రాసి అందరికీ పంపించాడు. ఆ ఫొటోలో నవ్వనిది కుక్క ఒక్కటే. నాకు వెంటనే మా అత్తమ్మ గుర్తొచ్చింది.

అరవైలలో నేను కాపురానికి వెళ్లిన ఊరు నల్లగొండకు అవతల, రాళ్లగుట్టల మధ్య, జొన్నచేలు, ఆముదపుచేలు తప్ప మరో పచ్చదనం తెలియని ఊరు. మాది మగ్గాల ఇల్లు. మామ మగ్గం గుంటలో దిగితే మళ్లీ అన్నానికే పైకి వచ్చేవాడు. మా ఆయన నేసిన బట్ట మూట కట్టుకుని అమ్మడానికి ఊళ్లు తిరిగేవాడు. అత్తమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, చుడుతూ లోకాన్ని ఈసడించేది. ప్రేమ, దయ, జాలి అనే మాటలు ఆమె నోటి నుంచి వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఎవరి ముచ్చట వచ్చినా పెదవి ఒక పక్కకు లాగి, ముక్కుతో చిన్న శబ్దం చేసేది. ఆ శబ్దానికి మా వాడకట్టులో పెద్దపెద్ద మగవాళ్లు దారి మార్చుకుని పోయేవారు. కొత్త కోడలిని, నాకూ తప్పలేదు. నేను వండిన పప్పు నోట పెట్టుకుని "మీ అవ్వ నీకు వంట నేర్పలే, మీ ఇంటి బావి ఎంత లోతో నేర్పింది" అంది. నీళ్లు ఎక్కువైనయ్ అని చెప్పడం అది.

అటువంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క వ్యసనం బందెలదొడ్డి. ఇప్పటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఎవరి చేనులోనైనా పడి మేసిన పశువును తోలుకొచ్చి బంధించే చోటు అది. మా ఊళ్లో చావడి వెనక, కప్పు లేని నాలుగు రాతిగోడలు. పనికొచ్చే పశువైతే యజమాని సాయంత్రానికల్లా జుల్మానా కట్టి విడిపించుకునేవాడు. ముసలిది, కుంటిది, పాలు ఎండింది అయితే ఎవరూ వచ్చేవారు కారు. రాకపోవడమే కాదు, తన పశువు దొడ్డిలో ఉందని తెలిస్తే చావడి ముందు నుంచి నడవటమే మానేసేవారు. మా ఊళ్లో గోపూజలకు తక్కువ లేదు. పండగొస్తే కొమ్ములకు రంగులు, కాళ్లకు పసుపు, హారతులు. ఆ హారతి పట్టిన చేతులే పొలిమేర చేను గట్టు మీద ముసలి ఆవును వదిలి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేవి. ఈ ముచ్చట చెప్పినప్పుడు అత్తమ్మ ముక్కు చేసే శబ్దం రెండింతలు ఉండేది.

అలా మిగిలిపోయిన పశువులను చావడివాళ్లు పట్నం కసాయికి తోలించేలోపు ఆమె దొడ్డి కావలివాడిని తిట్టి, బతిమాలి, మళ్లీ తిట్టి బయటికి తెచ్చేది. పడుగుకు పెట్టగా మిగిలిన గంజి, ఇంత తవుడు పోసి, పుండుకు పసుపు అద్ది, దాన్ని కూడా తిడుతూనే సాకేది. "తిను, నీ మొకం మండ. నీకోసమే గదా దేవుడు నన్ను పుట్టిచ్చింది" అనేది. కాని ఏదీ మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. మగ్గం గుంట పోగా మనుషులు కాళ్లు చాపుకోవడానికే జాగా లేదు. కోలుకోగానే దానికి ఇల్లు వెతికేది. ఆ వెతకడం చూడాలి! ఆడపిల్ల సంబంధానికి కూడా అంత ఆరా తీసేవాళ్లను నేను చూడలేదు. వాళ్ల కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి అడుగున పాచి ఉందేమో చూసేది. తలుగు ఒరుసుకుని ఎద్దు మెడ మీద గాయం ఉందేమో వెతికేది. అన్నింటికంటే పెద్ద పరీక్ష ఒకటి. ఆ ఇంటి పశువు ముందు నిలబడి, కొప్పు సర్దుకుంటున్నట్టు చెయ్యి గబుక్కున పైకి ఎత్తేది. పశువు బెదిరి తల తిప్పుకుందంటే అంతే, మంచినీళ్లు కూడా తాగకుండా ఇంటికి వచ్చేసేది.

పానగల్ దారిలో మేడ కట్టుకున్న ఒక షావుకారు గృహప్రవేశానికి ఆవు కావాలని, మా దగ్గర ఉందని ఎవరో చెబితే మా ఇంటికి వచ్చాడు. గడపలో ఆవు కాలుపెడితే ఇంటికి మంచిదని, చాలా నమ్రతగా అడిగాడు.

"మరి పండ్గ అయినంక ఆవు ఎక్కడుంటది?" అంది అత్తమ్మ.

"మళ్ల తెచ్చి నీకే అప్పజెప్త గదమ్మా."

"ఒక్క పూట పుణ్యానికి ఆవెందుకు? నువ్వే జర వంగి నాలుగు కాళ్ల మీద లోపలికి పో. ఎవరు గుర్తువడ్తరు?"

మామ మగ్గం గుంటలోంచి దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయనకు ఉన్న దారి అదొక్కటే.

ఒక కరువు ఏడాది ఎండాకాలంలో దొడ్డికి ఒక బర్రె వచ్చింది. మంచి వయసుదే, కాని ఎన్నడూ చూలు నిలవలేదు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు. దాని చెవికి ఉన్న కోత గుర్తు మా ఊరి దొర కొట్టంలో తప్ప మరో చోట పెట్టరు. ఈ దొర గురించి ఒక మాట. అంతకు పది పదిహేనేళ్ల ముందు దొరల మీద జనం తిరగబడి ఊళ్లో గొడవలు మొదలైనప్పుడు ఆడవాళ్ల సవారీ బండిలో, పరదా దించుకుని పట్నం పారిపోయినవాడు. అంతా సద్దుమణిగాక ఖద్దరు ధోవతి, కండువాతో తిరిగొచ్చి, పేదల కోసమే పుట్టినట్టు మాట్లాడటం నేర్చాడు. బర్రె దొడ్డిలో పడ్డ మూడోనాడు అత్తమ్మ చావడికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. దొర అక్కడే కుర్చీలో ఉన్నాడు.

"దొరా, గీ బర్రె మీదే గదా. తోల్కపోరాదు? నీళ్లు లేక నాల్క బైటవెట్టింది" అంది.

దొర బర్రె వైపు చూడనే లేదు. "మాది గాదు. గసోంటి గొడ్డుబర్రె మా కొట్టంల ఎందుకుంటది? నీకు గంత ఫికరుంటే నువ్వే తీస్కపో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు, నవ్వమని ఎవరో చెప్పినట్టు, అందరూ ఒక్కసారే నవ్వారు. చెవి గుర్తు తెలిసినవాళ్లు, ఆ కొట్టంలోనే దానికి గడ్డి వేసినవాళ్లు కూడా. అంత పిరికి నవ్వు నేను మళ్లీ వినలేదు. అత్తమ్మ వెళ్లి బర్రె తాడు పట్టుకుంది.

ఆ బర్రెను ఆమె నెలల తరబడి గంజి మీద నిలబెట్టింది. దానికి ఇల్లు కావాలంటే అడగడానికి వచ్చినవాళ్లంతా గొడ్డుది కాబట్టి కొన్నాళ్లు చూసి అమ్ముకుందామనే ఆలోచనవాళ్లు. చివరికి ఆమె దాన్ని ఊరి చివర వాడలో చెప్పులు కుట్టే ఒక ఆలుమగలకు ఇచ్చింది. ఊరంతా గగ్గోలు. తోళ్ల పని చేసేవాళ్ల ఇంటికి బర్రెను ఇస్తారా అని, నిన్నటిదాకా దాని మొఖం చూడని పుణ్యాత్ములు ముక్కు మీద వేలేసుకున్నారు.

"వాళ్లనే ఎందుకత్తమ్మా?" అని అడిగాను.

"వాళ్ల కుక్కను సూసినవా? చెయ్యి లేపితే ఆవులించి మళ్ల పండుకున్నది. ఆ ఇంట్ల దెబ్బంటే ఏందో దానికి తెల్వదు" అంది.

ఆ వాడలో ఏం మహిమ ఉందో, కడుపు నిండా తిండీ, చెరువులో ఒళ్లు తోమే చేతులూ తప్ప మరేమీ లేవు, తర్వాతి ఏడాది ఆ గొడ్డుబర్రె చూలు కట్టింది. ఈనింది. ఆడ దుడ్డె. ఆ ఇంటామె మొదటి రోజు జున్నుపాలు చిన్న ముంతలో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడిపోయింది. "ఏం, కాళ్లకు మేకులు కొట్టిన్రా? రా లోపటికి" అని అత్తమ్మ కసిరింది. ఆ జున్ను మేమంతా తిన్నాం. ఆవిడ మా అరుగు మీద కూర్చుని, దుడ్డె ఎట్లా లేచి నిలబడిందో చేతులతో చూపించి చెబుతుంటే, అత్తమ్మ వైపు నేను చూశాను. ఆమె అటు తిరిగి కండె చుడుతోంది. దారం రెండుసార్లు తెగింది.

పాల సంగతి దొర చెవిన పడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందుకు వచ్చాడు. వెనక ఆయన జీతగాడు, చేతిలో తాడుతో. నలభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి ఆ కొట్టంలోనే బతికినవాడు.

"ఏందే, మా బర్రెను పోయి పోయి ఆ వాడల కట్టేస్తివట. మర్యాదగ తెప్పియ్యి" అన్నాడు దొర.

"మీది గాదంటిరి గదా దొరా. చావడిల అంత మంది నవ్విన్రు, మర్చిపోయిన్రా?"

"అప్పుడు అనుకోలే. ఇప్పుడు గుర్తు వట్టిన. మాటలు పెంచకు. మీరుంటున్న జాగ ఎవరిదో యాది పెట్టుకో."

మా ఇల్లు దొర భూమి మీద ఉంది. మామ గుంటలోంచి పైకి వచ్చాడు. "నీకు దండం పెడ్త, ఇచ్చెయ్యే. మగ్గం ఊడదీసుకొని యాడికి పోతం?" అన్నాడు భార్యతో. నాకు అప్పుడు ఆరో నెల. నేను కూడా లోపల్లోపల ఇచ్చేస్తే బాగుండుననే అనుకున్నాను. అత్తమ్మ మా ఇద్దరినీ చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది.

"సరే దొరా. నేను ఎవ్వరికిచ్చినా ఇల్లు సూసే ఇస్త. మీ కొట్టం గూడ సూస్త, పదుండ్రి. మంచిగుంటే నేనే తోల్కొచ్చి కట్టేస్త."

తన కొట్టం చూడటానికి వస్తానంటే దొరకు అది గొప్పగా తోచింది. అంత పెద్ద కొట్టం చుట్టుపక్కల లేదు మరి. ఊరి జనం సగం వెంట నడిచారు. రాతి కట్టడం, పెంకుల కప్పు, వరసగా జతల కొద్దీ ఎద్దులు, బర్రెలు. దొర మీసం దువ్వుకుంటూ గడప దగ్గర నిలబడ్డాడు. అత్తమ్మ లోపలికి వెళ్లి, వరస మధ్యన ఆగి, కొప్పు కోసం అన్నట్టు చెయ్యి గబుక్కున పైకెత్తింది.

ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పశువులన్నీ ఒక్కసారి వెనక్కి గుంజుకున్నాయి. గుంజలు కిర్రుమన్నాయి. ఒక కోడె కాలు జారి మోకాళ్ల మీద పడింది. నేను చూస్తున్నది వాటిని కాదు. అత్తమ్మ పక్కనే తాడు పట్టుకుని నిలబడ్డ జీతగాడు, ఆ నలభై దాటిన మనిషి, ఆమె చెయ్యి లేవగానే మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకు ఒదిగిపోయాడు. తనను కొట్టడం లేదని తెలిసిన తర్వాత మెల్లగా చెయ్యి దించి, సిగ్గుతో తల వంచుకున్నాడు.

అంతమంది జనంలో ఒక్కరూ నవ్వలేదు. అత్తమ్మ ముక్కుతో శబ్దం కూడా చెయ్యలేదు. జీతగాడి దగ్గరికి వెళ్లి, చేతిలోంచి జారిపోయిన తాడు తీసి ఆయనకే ఇచ్చింది. "ఏం గాలేదు తమ్మీ" అంది. అంత మెత్తటి గొంతు ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత దొర ముందు నుంచి వస్తూ, ఆగకుండానే అంది:

"గీ ఇంటికి నేను పిల్లనియ్య."

దొర కండువా దులుపుకుని బయటికి నడిచాడు. కొట్టం బయట ఉన్నవాళ్లు ఆయనకు దారి ఇవ్వడానికి మామూలుగా జరిగేంత వేగంగా ఆ రోజు జరగలేదు. బర్రె కోసం ఆయన మళ్లీ ఎవరినీ పంపలేదు. పంపినా తాడు పట్టుకుని వెళ్లే మనిషి లేడు. జీతగాడు ఆ వారంలోనే మేళ్లచెరువు వైపు సున్నపురాయి కొట్టే పనికి పోయాడని విన్నాం.

దొర ఊరకే ఉంటాడా? ఆ ఏడాది వానలకు ముందే జాగా ఖాళీ చేయించాడు. మగ్గం ఊడదీసి బండిలో వేసుకుని పోచంపల్లిలో మామ అన్నగారి ఇంటి పంచకు చేరాం. చావడిలో నవ్విన పెద్దమనుషులు ఎవరూ సాగనంపడానికి రాలేదు. చెప్పులు కుట్టే ఆలుమగలు మాత్రం పొలిమేర దాకా నడిచారు. మామ చాలాకాలం ఆ బర్రె పేరెత్తితే ముఖం గంటు పెట్టుకునేవాడు. ముసలితనంలో మాత్రం ఎవరు వచ్చినా ఆ కొట్టం కథ తనే మొదలుపెట్టి, అక్కడ తానూ ఉన్నట్టు చెప్పేవాడు. నిజానికి ఆ పూట ఆయన ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ సరిదిద్దేది కాదు.

ఈ మధ్య ఆ ఊరి నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. దొర మనవడు పట్నం నుంచి వచ్చి, ఊరి బయట తాత పేరు మీద గోశాల కట్టించాడట. గేటు మీద దొర బొమ్మ, కింద 'మూగజీవాల పాలిటి దేవుడు' అని అక్షరాలట. వచ్చినాయన భక్తిగా చెబుతుంటే నేను వింటూ కూర్చున్నాను. బతికి ఉండగా ఎవరికీ ఒక ముద్ద పెట్టని మనిషిని కూడా కాలం ఇంత ఓపికగా కడిగి, తుడిచి, పూలదండ వేస్తుంది. చూసినవాళ్లం ఒక్కొక్కరమే వెళ్లిపోవడం కోసం అది ఆగుతుంది, అంతే.